బుడగలొస్తే చాలదు: వార్డు కోసం పది లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్

నిమిషానికి పది లీటర్లు ఇచ్చే, చక్రాల మీద నెట్టుకెళ్లే, కరెంటుతో నడిచే ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గది గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం) మీద ఈ సమీక్ష. 30 నుంచి 100 పడకలుండే సీహెచ్‌సీలు (సామాజిక ఆరోగ్య కేంద్రాలు), ఏరియా ఆస్పత్రులు, మిషన్ ఆస్పత్రులు, చిన్న నర్సింగ్ హోమ్‌లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. ఇంట్లో వాడకానికి కొనేవాళ్ల అవసరాలు వేరు. ఫలానా కంపెనీ అని పేరు పెట్టడం లేదు. పేరున్న నాలుగైదు కంపెనీల యంత్రాల మధ్య తేడా కొంతే, కొన్నాక వాటిని చూసుకునే తీరులో వచ్చే తేడా మాత్రం చాలా ఎక్కువ.

తీర్పు ముందే చెప్పేస్తాం: ఐదుకు నాలుగు. ఆ తగ్గిన ఒక్క మార్కు ఒకే దోషానికి. ఈ యంత్రం చెడిపోయినా చెడిపోయినట్టు కనబడదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, గాలిని తడిపే నీళ్ల బాటిల్‌లో బుడగలొస్తాయి, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో చూపే ఫ్లోమీటర్‌లో బంతి పది మీదే నిలబడుతుంది, చెయ్యి పెడితే గాలి తగులుతుంది. అందులో ఆక్సిజన్ మాత్రం 60 శాతమే ఉండొచ్చు, అంతకంటే తక్కువా ఉండొచ్చు. సిలిండర్ అయిపోతే నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది అయిపోదు, పలచబడుతుంది.

ఎందుకలా అంటే, లోపల జరిగే పని అలాంటిది. కంప్రెసర్ గది గాలిని లాగి, జియోలైట్ గుళికలు నింపిన రెండు గొట్టాల్లోకి వంతులవారీగా తోస్తుంది. వాటినే సీవ్ బెడ్లు అంటారు. పీడనం పెరిగినప్పుడు జియోలైట్ నైట్రోజన్‌ను పట్టేసి ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. ఒక బెడ్ పనిలో ఉండగా రెండోది పీడనం దించుకుని, పట్టిన నైట్రోజన్‌ను బయటకు ఊదేస్తుంది. కొన్ని సెకన్లకోసారి వినబడే ‘బుస్’ అదే. బాగున్న యంత్రం ఇచ్చేది 93 శాతం, మూడు అటూ ఇటూ. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఆర్గాన్. సిలిండర్‌లో 99 ఉంటుంది, ఇది తక్కువ కదా అని ఇప్పటికీ వెనకాడే డాక్టర్లున్నారు. ప్రాంగ్స్ (ముక్కులో పెట్టే సన్నని గొట్టాలు) పెట్టుకున్న రోగి ఎలాగూ గది గాలిని కలుపుకునే పీలుస్తాడు. నిమిషానికి ఐదు లీటర్లిచ్చినా ఊపిరితిత్తుల్లోకి చేరేది 40 శాతం దరిదాపుల్లోనే. కాబట్టి ఆ ఆరు శాతం తేడా మంచం దగ్గర తేలదు. తేలేది జియోలైట్ పాడై 93 కాస్తా 65కి దిగినప్పుడు.

దీన్ని క్రిటికల్ కేర్ (ప్రాణాపాయంలో ఉన్నవాళ్ల చికిత్స) పరికరం అనొచ్చా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాట వినగానే వెంటిలేటరే గుర్తుకు రావడం మన బడ్జెట్లను చాలాకాలంగా తప్పుదారి పట్టిస్తోంది. ఆఫ్రికాలో 22 దేశాల ఆస్పత్రుల్లో చేసి, 2025లో లాన్సెట్‌లో ప్రచురించిన సర్వేలో, చేరినవాళ్లలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరి పరిస్థితి విషమంగా ఉంది. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఉన్నది ఐసీయూలో కాదు, మామూలు వార్డుల్లో. అలాంటి వార్డులకు కనీసం ఏం కావాలో 2021లో వివిధ దేశాల నిపుణులు కలిసి 40 చికిత్సా ప్రక్రియల జాబితా ఇచ్చారు. అందులో ఆక్సిజన్ ఇవ్వడం, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూడటం, స్పృహ లేనివాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టడం లాంటివే ఉన్నాయి. మన దగ్గరా వార్డుల తీరు అందుకు భిన్నమేమీ కాదు. ఐసీయూ పడక ఖాళీ అయ్యేదాకా, 108 వచ్చేదాకా రోగిని నిలబెట్టేది వార్డులోని ఆక్సిజనే.

పాపువా న్యూగినీ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడ ఐదు ఆస్పత్రుల పిల్లల వార్డుల్లో కాన్సంట్రేటర్లు పెట్టాక న్యుమోనియా మరణాలు 4.97 శాతం నుంచి 3.22 శాతానికి తగ్గాయి. 2008లో వచ్చిన ఈ ఫలితాన్ని యంత్రాల ప్రచార పత్రాల్లో తెగ వాడుకుంటారు. యంత్రంతో పాటు ప్రతి వార్డుకూ పల్స్ ఆక్సీమీటర్లు (వేలికి తగిలిస్తే శాచురేషన్ చూపేవి) ఇచ్చారని, శాచురేషన్ 90 కంటే తగ్గితే ఆక్సిజన్ పెట్టాలని నర్సులకు నేర్పారని, మరమ్మతుకు మనుషుల్ని తయారుచేశారని మాత్రం వాటిలో కనబడదు. ఒక్క డబ్బా కొని అదే ఫలితం రావాలంటే రాదు.

ఇక సరుకు సంగతి.

స్పెసిఫికేషన్‌లో చూడాల్సిన మొదటి వాక్యం ‘గరిష్ఠ ఫ్లో వద్ద 93 శాతం’. కొవిడ్ రోజుల్లో మార్కెట్‌ను ముంచెత్తిన చవక యంత్రాల్లో చాలావాటిమీద ‘1 నుంచి 7 లీటర్లు, 93 శాతం’ అని ఉండేది. ఆ 93 ఒక్క లీటరు దగ్గర మాత్రమే. ఏడుకు తిప్పితే 30, 40 దగ్గర ఆగేది. కాబట్టి టెండర్‌లో ‘10 లీటర్ల వద్ద, 40 డిగ్రీల వేడిలో, 95 శాతం తేమలో కనీసం 82 శాతం’ అని స్పష్టంగా రాయించాలి. కాకినాడ, మచిలీపట్నం తేమకు, రామగుండం, కొత్తగూడెం ఎండలకు ఈ షరతు అలంకారం కాదు. ఎత్తు గురించి మాత్రం దిగులు అక్కర్లేదు. ఈ యంత్రాలు సాధారణంగా 2000 మీటర్ల దాకా బాగానే పనిచేస్తాయి కాబట్టి పాడేరు, అరకు ఆస్పత్రుల్లో కొండల వల్ల ఇబ్బంది రాదు. ఇబ్బందంతా కరెంటుతోనే.

రెండోది, ఆక్సిజన్ శాతాన్ని కొలిచే సెన్సర్ లోపలే ఉండాలి. సాధారణంగా 82, 85 మధ్య ఎక్కడో పసుపు దీపం, ఇంకా దిగితే ఎర్ర దీపం, కూత. ధర తగ్గించడానికి కొన్ని మోడళ్లలో ఈ సెన్సర్ తీసేసి, కరెంటు పోతే, పీడనం పడిపోతే మాత్రమే మోగే అలారం పెడతారు. అంటే పైన చెప్పిన దోషానికి ఉన్న ఒక్క మందునూ తీసేసినట్టు. సెన్సర్ లేని యంత్రం సగం ధరకొచ్చినా వద్దు.

అవుట్‌లెట్ పీడనం విషయంలో చాలామంది పొరపడతారు. పది లీటర్ల యంత్రాల్లో మెరుగైనవి 20 పీఎస్ఐ (పీడనం కొలత) దాకా ఇస్తాయి. ఐదు లీటర్లవాటిలో అది 8, 9 పీఎస్ఐ ప్రాంతం. గోడ పైపులో ఉండే పీడనం 4 బార్, అంటే దాదాపు 58 పీఎస్ఐ. కాబట్టి దీంతో 4 బార్ కోరే వెంటిలేటర్ నడవదు, బాయిల్స్ మెషిన్ (మత్తు ఇచ్చే యంత్రం) నడవదు, మానిఫోల్డ్‌కు (సిలిండర్లను కలిపి గోడ పైపుల్లోకి పంపే ఏర్పాటుకు) కలిపే ప్రశ్నే లేదు. నిమిషానికి 30 నుంచి 60 లీటర్లు కోరే హై ఫ్లో నేసల్ మెషిన్‌కూ చాలదు. మాస్క్‌తో ఊపిరికి సాయపడే బైపాప్ యంత్రంలోకి పక్కనుంచి ఐదు, పది లీటర్లు కలపడానికి మాత్రం పనికొస్తుంది. సంచి ఉండే నాన్ రీబ్రీదర్ మాస్క్‌కు 10 నుంచి 15 కావాలి కనుక, పది లీటర్ల యంత్రం దాని అంచుల్లో ఉంటుంది. రోగి గాలి పీల్చినప్పుడు మాస్క్ సంచి పూర్తిగా ముడుచుకుపోతుంటే యంత్రం చాలడం లేదని అర్థం. వెంటనే సిలిండర్‌కు మార్చాలి.

సిలిండర్‌తో లెక్క వేసుకుంటే యంత్రం విలువ తెలుస్తుంది. పది లీటర్ల చొప్పున రోజంతా నడిస్తే 14,400 లీటర్లు. 7,000 లీటర్ల డి టైప్ సిలిండర్లు రెండు. యంత్రం 600 వాట్లు తాగితే రోజుకు 14, 15 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 150 లోపే. రెండు సిలిండర్ల రీఫిల్, బండి కిరాయి, దించే మనిషి కూలి ఏ ఊళ్లోనైనా దీన్ని దాటిపోతాయి. అలాగని సిలిండర్లు మానేయకూడదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ట్యాంకర్ ఆలస్యమై, పీడనం పడిపోయి 11 మంది చనిపోయారు. ఒకే దారి మీద ఆధారపడితే ఏమవుతుందో తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి యంత్రం పక్కన రెగ్యులేటర్ బిగించి, కీ తగిలించి ఉంచిన సిలిండర్ ఉండాలి. 1,500 లీటర్ల బి టైప్ అయితే పది లీటర్ల మీద రెండున్నర గంటలు, డి టైప్ అయితే పదకొండు గంటల పైచిలుకు వస్తుంది. మీ ఊళ్లో మామూలుగా కరెంటు ఎంతసేపు పోతుందో, జనరేటర్ అందుకోవడానికి ఎంతసేపు పడుతుందో చూసుకుని ఎంచుకోండి.

ఇన్వర్టర్ మీద ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. ఇంటి ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. 2 కేవీఏ యూపీఎస్ అయితే తట్టుకుంటుంది గానీ, ఒక్క 150 ఏహెచ్ బ్యాటరీతో రెండు గంటలు వస్తే గొప్ప. స్టెబిలైజర్ మాత్రం తప్పనిసరి. దానికి విడిగా సాకెట్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. రోజులకొద్దీ ఆగకుండా నడిచే యంత్రం కింద ప్లగ్ వేడెక్కి వదులవుతుంది.

పెట్టే చోటులోనూ తేడా వస్తుంది. గోడకు, కర్టెన్‌కు కనీసం 30 సెంటీమీటర్ల దూరం ఉంచాలి. జాగా లేదని మంచం కింద దూరిస్తే తాను వదిలిన వేడి గాలినే మళ్లీ లాగుతుంది. లోపల వేడెక్కుతుంది, శాతం తగ్గుతుంది, కంప్రెసర్ సీళ్లు త్వరగా అరుగుతాయి. 600 వాట్ల యంత్రం గదిలోకి వదిలేది 600 వాట్ల వేడే. మే నెలలో నాలుగు యంత్రాలున్న వార్డులో ఫ్యాను చాలదు, ఎగ్జాస్ట్ ఉండాలి. చప్పుడు 50, 60 డెసిబెల్స్. రోగులు రెండో రాత్రికి అలవాటు పడతారు, పక్క మంచంవాళ్లు పడరు.

రోజువారీ పని నర్సుదే కాబట్టి ఇది కాస్త వివరంగా. హ్యుమిడిఫయర్ బాటిల్‌లో డిస్టిల్డ్ వాటర్, లేదా కాచి చల్లార్చిన నీళ్లు, రెండు గీతల మధ్యకే. కుళాయి నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది, క్రిములు పెరుగుతాయి. రోజూ పారబోసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మిగిలిన నీళ్ల మీదే కొత్తవి పోయడం వద్దు. పెద్దవాళ్లకు ప్రాంగ్స్‌తో నాలుగు లీటర్ల లోపు ఇస్తుంటే అసలు బాటిలే అక్కర్లేదు. ముక్కు ఎండిపోతోందని చుట్టాలు కొబ్బరినూనె, వాసెలిన్ రాస్తుంటారు. ఆక్సిజన్ దగ్గర నూనె, జిడ్డు నిప్పుకు దారి. నీటితో చేసిన జెల్లీ ఇవ్వండి.

రోగి దగ్గరికి ఆక్సిజన్ చేరడం లేదన్న ఫిర్యాదుల్లో అతి మామూలు కారణం బాటిల్ మూత మర అడ్డంగా పడటం. పరీక్ష తేలిక: ప్రాంగ్స్ గొట్టాన్ని వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. ఫ్లోమీటర్ బంతి కిందకు జారి, బాటిల్ వాల్వు ఈలవేస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. గొట్టం మూసినా బంతి పైనే ఉంటే గాలి మూత దగ్గరో, గొట్టం అతుకు దగ్గరో పోతోంది. మూత విప్పి, వెనక్కి పావు తిప్పు తిప్పి, మర అందుకున్నట్టు చేతికి తెలిశాక బిగించాలి. బంతిని కంటి ఎత్తున, దాని నడిమి గీత దగ్గర చదవాలి. నిలబడి పైనుంచి చూస్తే లీటరు తేడా వస్తుంది.

వెనకున్న ముతక ఫిల్టర్ వారానికోసారి, దుమ్ము వార్డయితే రెండుసార్లు, సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి ఫిల్టర్ పెట్టి నడిపితే ఆ తేమ జియోలైట్‌కే చేరుతుంది. లోపలి ఫిల్టర్ కడిగేది కాదు, మార్చేది. అది బూడిదరంగుకు తిరిగినా ‘ఇంకా ఫర్వాలేదు’ అని వదిలేయడం మామూలే. కంప్రెసర్ ఊపిరాడక వేడెక్కి కాలిపోవడం అక్కడే మొదలవుతుంది.

అలారం మోగితే బయోమెడికల్ ఇంజినీర్‌కు ఫోన్ చేసేలోపు చేయాల్సింది, రోగిని సిలిండర్‌కు మార్చడం. ఆ తర్వాతే యంత్రం. ఫిల్టర్లు, గొట్టాలు చూసి, ఫ్లోను ఐదుకు దించండి. శాతం పైకెక్కితే సీవ్ బెడ్లో, కంప్రెసరో బలహీనపడ్డట్టు. ఐదు దగ్గరా అంతే ఉంటే లీకేజీనో, వాల్వునో అనుమానించాలి. చెవి పెట్టి వినండి. ఆ ‘బుస్’ సమానమైన వ్యవధిలో రాకపోతే వాల్వు ఇరుక్కుంది. అసలు కంప్రెసరే మొదలవకుండా గుయ్‌మంటుంటే చాలాసార్లు పోయింది కెపాసిటర్, తక్కువ ఖర్చుతో పోయేది. ఇంత తేలికైన రోగానికి నెలలు మూలపడిన యంత్రాలు ప్రతి జిల్లాలో దొరుకుతాయి.

లోపలి సెన్సర్ మీద ఒక్కదాని మీదే ఆధారపడకుండా చేత్తో పట్టుకునే అల్ట్రాసోనిక్ ఎనలైజర్ ఆస్పత్రికి ఒకటి కొనాలి. అది శాతం, ఫ్లో, పీడనం మూడూ చూపిస్తుంది. కొలత బాటిల్‌కు ముందే, పొడి గాలి మీద తీయాలి. తడి గాలి మీద తీస్తే లెక్క తప్పుతుంది. యంత్రం మొదలయ్యాక పది, పదిహేను నిమిషాలు ఆగి, నెలకోసారి, యంత్రానికే అంటించిన కార్డు మీద రాయాలి. 93, 92, 91, 88 అని దిగుతున్న వరస కనబడితే దీపం వెలగకముందే సీవ్ బెడ్‌కు ఇండెంట్ పెట్టొచ్చు.

కొనేముందు ఒకసారి మీ స్టోర్ రూమ్ తలుపు తీయండి. 2021 ఏప్రిల్‌లో పీఎం కేర్స్ నుంచి లక్ష కాన్సంట్రేటర్లకు అనుమతిచ్చారు. దాతలు, ప్రవాసాంధ్రులు, కంపెనీలు పంపినవి వేరే. వాటిలో చాలా యంత్రాలు మూలన పడి ఉన్నాయి. వాడకుండా ఉంచిన జియోలైట్ వానాకాలం ఉప్పులా చెమ్మ పీల్చేస్తుంది. నెలకోసారి కనీసం అరగంట నడిపినవి ఇంకా బతికి ఉంటాయి. నడపనివాటిని అరగంట నడిపి ఐదు దగ్గర, పది దగ్గర కొలవండి. 85 దాటితే ఫిల్టర్లు మార్చి వార్డుకు పంపొచ్చు. అంతకు తగ్గితే సీవ్ మార్చాల్సిందే. తడిసిన జియోలైట్‌ను ఎండలో పెట్టి బాగుచేయడం కుదరదు.

పిల్లల వార్డుకైతే ఈ యంత్రానికి సాటి లేదు. పుట్టిన బిడ్డకు అర లీటరు నుంచి ఒకటి, ఏడాదిలోపు పిల్లలకు ఒకటి రెండు లీటర్లు చాలు. ఫ్లో స్ప్లిటర్‌తో ఒక్క యంత్రం ఐదుగురికి సరిపోతుంది. స్ప్లిటర్ అంటే ఒక్కో దారికి విడి ఫ్లోమీటర్ ఉన్నదే. వై గొట్టంతో చీలిస్తే గాలి తక్కువ అడ్డున్న వైపుకే పోతుంది, రెండో బిడ్డకు ఎంత అందుతోందో ఎవరికీ తెలియదు. ఆక్సిజన్ మీదున్న నెలలు నిండని పిల్లల్లో శాచురేషన్ 90, 95 మధ్యే ఉంచాలి. 99 చూసి సంతోషపడితే కంటిచూపు పోయే ప్రమాదం.

శిక్షణ లేని యంత్రానికి రెండు మార్కులే ఇస్తాం. కంపెనీ మనిషి వచ్చి స్విచ్ చూపించి సంతకం పెట్టించుకుపోవడం శిక్షణ కాదు. నేర్పాల్సింది కొంచెమే. చేరిన ప్రతి రోగికీ శాచురేషన్ చూడటం; ప్రాంగ్స్ 5 లీటర్ల దాకా, సింపుల్ మాస్క్ 6 నుంచి 10; మాస్క్‌కు 5 కంటే తగ్గిస్తే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడని గుర్తుంచుకోవడం; పెద్దవాళ్లలో 92 నుంచి 96, సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) ఉంటే 88 నుంచి 92 దగ్గర ఆపడం; పెట్టాక పావుగంటకు మళ్లీ చూసి షీట్‌లో రాయడం. గోళ్ల రంగు, చల్లబడ్డ వేళ్లు, బీపీ పడిపోవడం ఆక్సీమీటర్‌ను మోసం చేస్తాయి. ముదురు ఛాయవాళ్లలో అది కొన్నిసార్లు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఆయాసం కళ్లకు కనబడుతుంటే అంకెను నమ్మి ఆక్సిజన్ తీసేయొద్దు. ఈ పాఠం ఒక్క పూటలో అయిపోతుంది, కానీ బదిలీలతో అంతే త్వరగా పోతుంది కూడా. ప్రతి షిఫ్టుకూ ఒక సిస్టర్ పేరు బాధ్యురాలిగా రాసి, మూడు నెలలకోసారి కొత్తవాళ్లతో యంత్రాన్ని విప్పించి, మూత బిగించించాలి. అత్యవసర చికిత్స మొత్తం నేర్పాలనుకుంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్ క్రాస్ అంతర్జాతీయ కమిటీ కలిసి 2018లో తెచ్చిన బేసిక్ ఎమర్జెన్సీ కేర్ కోర్సు ఉంది. ఈ యంత్రం పాఠం అందులో చక్కగా ఇమిడిపోతుంది.

సరుకు దించుకునే రోజు చేయాల్సింది: వార్డులో అది ఉండబోయే చోటే, మధ్యాహ్నం ఎండలో, పది లీటర్ల మీద అరగంట నడపండి. 2, 5, 10 దగ్గర శాతం రాయండి. ప్లగ్ పీకండి, కూత రావాలి. గొట్టం నొక్కండి, ఫ్లో అలారం రావాలి. ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టే అవర్ మీటర్ వందల గంటలు చూపిస్తుంటే అది కొత్త యంత్రం కాదు. స్పేర్లు టెండర్‌లోనే అడగాలి: రెండేళ్లకు సరిపడా రెండు రకాల ఫిల్టర్లు, అదనంగా బాటిళ్లు, పెద్దలకు, పిల్లలకు, పసికందులకు ప్రాంగ్స్, ఫ్యూజులు, కెపాసిటర్, వాల్వు కిట్, ఒక జత సీవ్ బెడ్లు. వారంటీ సరుకు చేరిన తేదీ నుంచి కాకుండా, ఈ పరీక్ష పాసైన తేదీ నుంచి మొదలవ్వాలి. సీవ్ బెడ్ వారంటీలో ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి. కంప్రెసర్‌కు మూడేళ్లిచ్చి, సీవ్‌ను ‘వాడకంలో అరిగే సామాను’ కింద పక్కకు నెట్టే ఒప్పందాలు తక్కువేం లేవు.